జూలైలో డిస్నీ వరల్డ్‌కి సర్వీస్ డాగ్‌తో వెళ్తున్నాం, ముందుగా ఏమేం చూసుకోవాలి?

లడ్డూ వాళ్లమ్మ, ఆల్ఫరెట్టా

అందరికీ నమస్కారం. జూలై మూడో వారంలో ఓర్లాండో వెళ్లడానికి టిక్కెట్లు కొన్నాం. మా పాపకు తొమ్మిదేళ్లు, టైప్ 1 మధుమేహం. లడ్డూ అనే లాబ్రడార్ తనకు తోడు. పాప ఒంట్లో చక్కెర పడిపోతుంటే వాసన పట్టి నా మోకాలిని పంజాతో తడుతుంది. (అవును, చక్కెర కనిపెట్టే కుక్కకు ఆ పేరు పెట్టింది పాపే. నవ్వుకోండి, మాకు అలవాటైపోయింది.) బడికి, దుకాణాలకు, రెస్టారెంట్లకు మాతో వస్తుంది. టేబుల్ కింద పడుకుంటే అక్కడ ఒక కుక్క ఉందని పక్కవాళ్లకు కూడా తెలియదు. ఇంత జనం, ఇంత మోత ఉండే చోటికి మాత్రం ఇంతవరకూ తీసుకెళ్లలేదు.

చలికాలానికి వాయిదా వేయమని చెప్పబోయేవారికి ముందే మనవి. మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు, ఆగస్టు మొదట్లో తిరుగు ప్రయాణం. మనవరాలి చెయ్యి పట్టుకుని డిస్నీ వరల్డ్‌లోని సిండరెల్లా కోట చూడాలని ఆవిడ కోరిక. కాబట్టి జూలైయే.

కారులో వెళ్తాం, కిసిమ్మీలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. గేటు దగ్గర ఏ కాగితాలు చూపించాలి? రైడ్ల దగ్గర లడ్డూను ఏం చేయాలి? ఎండ సంగతి ఏమిటి? పైగా అత్తగారికి కుక్కలంటే భయం. లడ్డూ ఎదురొస్తే ఇప్పటికీ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోతారు. దీనికి కూడా ఉపాయం ఉంటే చెప్పండి.

ట్యాంపా నాన్న, ఫ్లోరిడా

కాగితాల సంగతి ముందు తేల్చేద్దాం. ఏమీ అక్కర్లేదు. అమెరికా వికలాంగుల చట్టం, అందరూ ఏడీఏ అంటున్నది, సిబ్బందికి రెండే ప్రశ్నలు అడిగే హక్కు ఇచ్చింది. ఇది వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ జంతువేనా? ఏ పని చేయడానికి శిక్షణ ఇచ్చారు? అంతే. పాపకు ఏం జబ్బని అడగకూడదు, సర్టిఫికెట్ అడగకూడదు, ఆ పని ఇప్పుడు చేసి చూపించమని అడగకూడదు. కుక్కకు ప్రత్యేకమైన చొక్కా తొడగాలని కూడా చట్టంలో లేదు. అయినా తొడగండి, ముద్దు చేయడానికి వచ్చే పిల్లల్లో సగంమందైనా అది చూసి ఆగుతారు.

ఇంటర్నెట్‌లో డబ్బు కట్టించుకుని రిజిస్ట్రేషన్ నంబరు, మెరిసే కార్డు పంపేవాళ్లు ఉన్నారు. ఆ కార్డుకు చట్టంలో పూచికపుల్ల విలువ లేదు. కొనకండి. రేబిస్ టీకా వేయించిన కాగితం మాత్రం కారులో ఉంచుకోండి. అది గేటు కోసం కాదు, దారిలో ఏ పశువైద్యుడి దగ్గరకో వెళ్లాల్సి వస్తే పనికొస్తుంది.

రెండో ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యంలో సిద్ధం చేసుకోండి. "చక్కెర తగ్గుతుంటే కనిపెట్టి పంజాతో తట్టి చెబుతుంది" అంటే చాలు. "తోడుగా ఉంటుంది, ధైర్యం ఇస్తుంది" అంటే అది శిక్షణతో చేసే పని కిందకు రాదు. ఇంట్లో అందరికీ ఈ వాక్యం నేర్పండి. మా వాడికి ఆటిజం, వాడి కుక్కతో మొదటిసారి వెళ్లినప్పుడు గేటు దగ్గర మా నాన్నగారు నాకన్నా ముందే అందుకుని "మా మనవడి పెంపుడు కుక్కండీ, ఎవరినీ ఏమీ అనదు" అని ఎంతో మర్యాదగా చెప్పేశారు. అది సర్దిచెప్పడానికి కాసేపు పట్టింది.

అత్తగారి విషయానికి వస్తే, కుక్కలంటే భయమో అలర్జీయో ఉన్నవాళ్లు పక్కన ఉన్నారని సర్వీస్ డాగ్‌ను వద్దనడానికి ఏడీఏ ఒప్పుకోదు. కాని మీ వంటింట్లో ఏడీఏ చెల్లదు కదా. కారులో ఆవిడ సీటు ముందు, లడ్డూ వెనక. ఇంతకన్నా నాకు తోచడం లేదు.

పొద్దుతిరుగుడు, ఎడిసన్

సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మా పొమెరేనియన్‌కు కౌన్సిలర్ రాసిచ్చిన భావోద్వేగ తోడు లేఖ ఉంది. మేమూ సెలవులకు ఓర్లాండోనే. ఒక చొక్కా తొడిగి తీసుకెళ్తే ఆ రెండు ప్రశ్నలకు ఏదో ఒకటి చెప్పుకోవచ్చు కదా?

ట్యాంపా నాన్న, ఫ్లోరిడా

వద్దండీ. మనసుకు తోడుగా ఉండే జంతువుకు ఏడీఏ కింద పార్కులోకి వచ్చే హక్కు లేదు. విమానాల్లో కూడా 2021 జనవరి నుంచి దాన్ని సర్వీస్ జంతువుగా లెక్కించనక్కర్లేదు. పైగా ఫ్లోరిడాలో, శాసనం 413.08 ప్రకారం, పెంపుడు కుక్కను సర్వీస్ డాగ్ అని చెప్పి తిప్పడం నేరం. 60 రోజుల వరకు జైలు గానీ 500 డాలర్ల వరకు జరిమానా గానీ పడవచ్చు. దానికి తోడు వికలాంగులకు సేవ చేసే సంస్థలో 30 గంటలు పనిచేయాలి.

చట్టం పక్కన పెట్టండి. క్యూలో మీ పొమెరేనియన్ మా వాడి కుక్క మీదికి మొరిగితే అది చేస్తున్న పని చెడుతుంది. అప్పుడు మా వాడు పరుగెత్తుతాడు, ఆ జనంలో వాడిని పట్టుకోవాల్సింది నేను.

పొద్దుతిరుగుడు, ఎడిసన్

అర్థమైంది. దాన్ని మా చెల్లెలి ఇంట్లో వదిలి వెళ్తాం. ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్.

పశువుల డాక్టరు, ఆస్టిన్

ఎండ గురించి నేను చెబుతాను. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వేడిని ముఖ్యంగా రొప్పుతూ బయటకు పంపుకుంటుంది. ఫ్లోరిడా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ రొప్పు కూడా అంతగా పనిచేయదు. నీళ్లలో తడిపి తొడిగే చల్లని చొక్కాలు అమ్ముతారు చూడండి, వాటిదీ ఇదే ఇబ్బంది. నీరు ఆవిరైతేనే అవి చల్లబరుస్తాయి. అరిజోనాలో బ్రహ్మాండంగా ఉంటాయి, ఓర్లాండోలో జూలై మధ్యాహ్నం తడిగుడ్డ కప్పినట్టే. కొనేటట్టయితే లోపల ఐస్ ప్యాకులు పెట్టుకునే రకం కొనండి.

మీ అరచేతి వెనక భాగాన్ని నేల మీద ఏడు సెకన్లు ఆనించండి. మీరు ఓర్చుకోలేకపోతే లడ్డూ పాదాలూ ఓర్చుకోలేవు. బూట్లు కొనండి గాని అక్కడికి వెళ్లి మొదటిసారి తొడగకండి. కొత్త బూట్లతో కుక్క కొంగలా కాళ్లెత్తి నడుస్తుంది. ఇప్పటి నుంచే ఇంట్లో కాసేపు, వీధిలో కాసేపు అలవాటు చేయాలి.

మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ప్రమాదం. రొప్పు ఆగకపోవడం, నాలుక ముదురు ఎరుపుకు తిరగడం, జిగట చొంగ, తూలడం, పిలిస్తే పలకకపోవడం కనిపిస్తే ఇంకో రైడ్ చూద్దామనుకోకండి. నీడకు చేర్చి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ గాలి తగలనిచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లండి. బస చేసే ఇంటికి దగ్గర్లో 24 గంటలూ తెరిచి ఉండే పశువైద్యశాల ఎక్కడుందో బయల్దేరేముందే ఫోనులో పెట్టుకోండి.

ఇంకో రెండు ఫ్లోరిడా ప్రమాదాలు ఉన్నాయి. అక్కడ ఏ చెరువు గట్టునా కుక్కను నీళ్లు తాగనివ్వకండి, మొసళ్లు ఉంటాయి. వాన పడిన రాత్రి కిసిమ్మీ ఇంటి పెరట్లోకి లీష్ లేకుండా వదలకండి. కేన్ టోడ్ అనే పెద్ద కప్పలు తిరుగుతాయి, వాటి చర్మం మీది విషం కుక్క నోట్లో పడితే ప్రాణం మీదికి వస్తుంది.

తీపి శత్రువు, సియాటిల్

నాకు చిన్నప్పటి నుంచి టైప్ 1. నచ్చకపోయినా ఒక మాట చెబుతాను. పాప ఒంటికి చక్కెర కొలిచే సెన్సార్ ఉండే ఉంటుంది. ఫోనులో అలారం మోగుతుంది. అలాంటప్పుడు జూలై ఎండలో ఒక జంతువును ఆ జనం మధ్య తిప్పడం ఎందుకు? దాన్ని ఎవరైనా స్నేహితుల దగ్గర వదిలి వెళ్లండి. కుక్క లేకుండా వెళ్లినంత మాత్రాన మీరు చెడ్డ తల్లి అయిపోరు.

లడ్డూ వాళ్లమ్మ, ఆల్ఫరెట్టా

సెన్సార్ ఉందండీ. అది చూపేది చర్మం కింది ద్రవంలోని చక్కెర. రక్తంలో ఉన్నదానికన్నా కొన్ని నిమిషాలు వెనకబడే ఉంటుంది. ఆటల్లో చక్కెర జారుడుబండ మీద నుంచి దిగినట్టు దిగుతుంది, అప్పుడు ఆ నిమిషాలే ముఖ్యం. లడ్డూ తట్టాక వేలు గుచ్చి చూస్తే తక్కువగా ఉండటం, ఆ తర్వాత సెన్సార్ మోగడం మాకు మామూలే. వదిలి వెళ్లాలంటే మనసొప్పడం లేదు.

తీపి శత్రువు, సియాటిల్

అదంతా ఇంట్లో, ఏసీలో. పాప్‌కార్న్, వేయించిన బంగాళాదుంప, సన్‌స్క్రీన్, వేలమంది చెమట, వీటి మధ్య అది పాప వాసన ఒక్కటే ఎలా పట్టుకుంటుంది?

పశువుల డాక్టరు, ఆస్టిన్

ఆయన అడిగినదానిలో పస ఉంది. ఇతర వాసనల మాటకన్నా రొప్పు మాట పెద్దది. నోరు తెరిచి రొప్పుతున్న కుక్క ముక్కుతో వాసన పీల్చలేదు. రెండూ ఒకేసారి సరిగా జరగవు. శిక్షణ పొందిన కుక్కలు కూడా వేడికి అలిసిపోతే వాసన పట్టడంలో వెనకబడతాయి. కాబట్టి పార్కులో మధ్యాహ్నం లడ్డూ తట్టలేదు కాబట్టి చక్కెర బాగుందని మాత్రం అనుకోకండి. అక్కడ సెన్సారే పెద్ద దిక్కు, అనుమానం వస్తే వేలు గుచ్చాలి.

తీపి శత్రువు, సియాటిల్

అయితే నేను కూడా ఒక మెట్టు దిగుతాను. రోజంతా నడిస్తే ఒళ్లు ఇన్సులిన్‌కు బాగా స్పందిస్తుంది. ఆ ప్రభావం పడుకున్న తర్వాత కూడా గంటల తరబడి ఉంటుంది. నాకు అసలైన పతనాలన్నీ కొండలెక్కి వచ్చిన రాత్రి, తెల్లవారుజామునే. అలసిపోయిన అమ్మానాన్నలు ఫోను అలారం వినకుండా నిద్రపోయేదీ అప్పుడే. మీ కుక్క ఎక్కువగా అక్కరకొచ్చేది పార్కులో కాదు, ఆ అద్దె ఇంట్లో రాత్రి రెండింటికి. పగలంతా తిప్పి దాని శక్తి హరిస్తే రాత్రి అది కూడా మీలాగే గుర్రుపెడుతుంది.

లడ్డూ వాళ్లమ్మ, ఆల్ఫరెట్టా

ఈ కోణం మాకు తట్టనే లేదు. మా ఆయనకు చదివి వినిపించాను. "అయితే లడ్డూకు నైట్ షిఫ్ట్ అన్నమాట" అన్నారు.

సరోవరం, ఓర్లాండో

ఆలస్యంగా చూశాను. మా ఆయనకు చూపు లేదు, గైడ్ డాగ్ ఉంది. ఊళ్లోనే ఉంటాం కాబట్టి ఏడాది పొడవునా పార్కులకు వెళ్తూ ఉంటాం. వరసగా చెప్పడం నాకు రాదు, గుర్తొచ్చినట్టు రాస్తాను.

రైడ్లన్నీ ఒకటి కాదు. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్, జంగిల్ క్రూజ్ లాంటి నెమ్మదైన పడవల్లో కుక్క మనతోనే వస్తుంది, కాళ్ల దగ్గర నేల మీద పడుకోవాలి. స్పేస్ మౌంటెన్, టియానాస్ బయూ అడ్వెంచర్ లాంటివాటిలోకి రానివ్వరు. అక్కడ రైడర్ స్విచ్ అడగండి. మీరు కుక్కతో ఆగుతారు, మీవాళ్లు ఎక్కి వస్తారు, తర్వాత మీరు మళ్లీ క్యూలో నిలబడకుండా ఎక్కుతారు. కొన్ని రైడ్ల దగ్గర కుక్కను ఉంచే పంజరాలు కూడా ఉంటాయి. లడ్డూకు పంజరంలో ఉండే అలవాటు లేకపోతే వాటి జోలికి వెళ్లకండి. సిబ్బంది ఎంత మంచివాళ్లయినా లీష్ పట్టుకోరు, అది వాళ్ల నియమం, బతిమాలినా లాభం లేదు.

సర్వీస్ డాగ్ ఉంటే క్యూ తప్పుతుందని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. తప్పదు. మామూలు క్యూలో ఎక్కువసేపు నిలబడలేనివారికి డిస్నీ ఇచ్చే డాస్ అనే సదుపాయం వేరు. 2024 మే నుంచి అది ముఖ్యంగా ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలు ఉన్నవారికే అని మార్చారు. దానికోసం ముందే వీడియో కాల్‌లో మాట్లాడాలి. యూనివర్సల్ పార్కులకు కూడా వెళ్లేటట్టయితే అక్కడ రైడ్ల సదుపాయాలకు పద్ధతి వేరు, ఐబీసీసీఈఎస్ అనే సంస్థ ఇచ్చే కార్డు కోసం కనీసం 48 గంటల ముందు నమోదు చేసుకోవాలి.

క్యూలో లడ్డూకు ముందొకరు, వెనకొకరు పెద్దవాళ్లు నిలబడండి. చూసుకోవాల్సింది తోక. చిన్నపిల్లల తోపుడుబండ్ల చక్రాలు ఎవరినీ చూడవు. ఎస్కలేటర్ ఎక్కించకండి, గోళ్లు ఇరుక్కుంటాయి, లిఫ్టు వెతకండి.

కాలకృత్యాలకు వేరే చోట్లు ఉన్నాయి, పార్కు మ్యాపులో గుర్తు ఉంటుంది. మా కుక్క మొదట్లో గడ్డి తప్ప మరో నేల మీద మూత్రం పోసేది కాదు. మీరు ఇప్పుడే చెక్కపొట్టు మీద, కృత్రిమ గడ్డి మీద అలవాటు చేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఆపుకున్న కుక్క ఏ పనీ చేయదు.

మిక్కీ, ప్లూటో వేషాల్లో ఉన్నవాళ్లు కుక్కను చూస్తే ఎంతో ముచ్చటపడి వస్తారు. కుక్కకు మాత్రం అది మనిషి వాసన వేసే రెండు కాళ్ల పెద్ద బొమ్మ. దూరం నుంచి చూపించి, అది బెదరకపోతేనే దగ్గరికి వెళ్లండి. డిస్నీ వరల్డ్‌లోని జంతువుల పార్కు, యానిమల్ కింగ్‌డమ్, ఈసారికి వదిలేయండి. పక్షులు స్వేచ్ఛగా తిరిగే చోట్లలోకి, జంతువులను నిమిరే చోట్లలోకి సర్వీస్ డాగ్‌ను రానివ్వరు. మిగతా చోట కూడా దాని ముక్కుకు క్షణం విశ్రాంతి ఉండదు.

తినేవాటి గురించి బెంగ వద్దు. బయటి తిండి తెచ్చుకోవచ్చు. గాజు సీసాలు, విడి ఐసు మాత్రం వద్దు. పులిహోర, దద్దోజనం నిక్షేపంగా వెళ్తాయి. ఆర్డరు తీసుకునే కౌంటర్ల దగ్గర అడిగితే ఐసు వేసిన నీళ్లు ఉచితం, లడ్డూ గిన్నెలో పోయండి. ఇన్సులిన్‌ను ఫస్ట్ ఎయిడ్ కేంద్రంలో ఫ్రిజ్‌లో పెట్టించుకోవచ్చు.

తీపి శత్రువు, సియాటిల్

ఇన్సులిన్ 86 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే చెడుతుంది, కారులో అసలు వదలకండి. సరోవరం గారు చెప్పిన ఆ ఫ్రిజ్ సంగతి నాకు కూడా తెలియదు, సంతోషం.

లడ్డూ వాళ్లమ్మ, ఆల్ఫరెట్టా

సరోవరం అక్కా, మీరు వరసగా చెప్పడం రాదన్నారు గాని నేను అచ్చు తీసి ఫ్రిజ్‌కు అంటించాను. ఇంకో రెండు సందేహాలు. మధ్యాహ్నం ఇంటికి వెళ్లి మళ్లీ రావడం కుదురుతుందా? బాణసంచా సంగతి ఏమిటి? అత్తగారు కోటతో పాటు అది కూడా చూడాలంటున్నారు.

సరోవరం, ఓర్లాండో

డిస్నీ వరల్డ్‌లోనే ఉన్న ఎప్‌కాట్ పార్కు అయితే సులువు, కారు గేటు దగ్గరే ఉంటుంది. కోట ఉండే పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌కు కార్లు చెరువు ఇవతల ఆపి మోనోరైలు గానీ ఫెర్రీ గానీ ఎక్కాలి, రాకపోకలకే చాలా సమయం పోతుంది. నా సలహా, కోట రోజున తెరిచేటప్పటికే గేటు దగ్గర ఉండండి. ఎండ ముదిరేలోగా పడవలు, ఆ తర్వాత కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ లాంటి కూర్చుని చూసే ప్రదర్శనలు. చల్లగా ఉంటుంది, లడ్డూ ఒక కునుకు తీస్తుంది, అత్తగారి మోకాళ్లకు కూడా మంచిది. మధ్యాహ్నానికి కుక్కతో మీరు వెళ్లిపోండి. జూలైలో మధ్యాహ్నం దాటాక ఎలాగూ ఉరుములతో వాన వస్తుంది.

బాణసంచాకు ఒక పరీక్ష ఉంది. జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినం, మీ వీధిలో ఎలాగూ కాలుస్తారు. లడ్డూను లోపలే ఉంచి, కిటికీ తెరిచి, దానికి ఇష్టమైన తిండి ముందు పెట్టండి. తింటే పరవాలేదు. తిండి వైపు చూడకపోతే ఆ రాత్రి అది పార్కులో ఉండకూడదు.

పొద్దుతిరుగుడు, ఎడిసన్

అద్దె ఇంట్లో కుక్కను ఒంటరిగా వదిలి అందరూ వెళ్లవచ్చా?

ట్యాంపా నాన్న, ఫ్లోరిడా

హోటల్లో అయితే వదలకూడదు, సర్వీస్ డాగ్ ఎప్పుడూ దాన్ని చూసుకునే మనిషి (హ్యాండ్లర్) అదుపులోనే ఉండాలి. కుక్క ఉందని అదనపు రుసుము అడిగే హక్కు హోటల్‌కు లేదు, ఏదైనా పాడుచేస్తే మాత్రం మనమే కట్టాలి. అద్దె ఇంటి యజమానితో ముందే మాట్లాడి, ఆయన జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఒకాయన మాకు ఫోనులో సరేనని, తాళం ఇచ్చేటప్పుడు రెండు వందల డాలర్లు అడిగాడు. అప్పటికి రాత్రి పదకొండు. కుక్కను పూర్తిగా ఒకరి దగ్గర వదలాలంటే పోర్ట్ ఓర్లీన్స్ రిసార్ట్‌కు ఎదురుగా బెస్ట్ ఫ్రెండ్స్ అనే కుక్కల వసతి ఉంది. టీకాల కాగితాలు అడుగుతారు.

లడ్డూ వాళ్లమ్మ, ఆల్ఫరెట్టా

జూలై 5 ఉదయం రాస్తున్నాను. మొదటి చప్పుడుకు లడ్డూ చెవులు నిక్కించింది, రెండోదానికి పాప మంచం కిందకు దూరింది. ఉడికించిన కోడిమాంసం ముట్టలేదు. కాబట్టి తేలిపోయింది.

కోట రోజున పొద్దున్నే అందరం వెళ్తాం. మధ్యాహ్నం నేను, లడ్డూ ఇంటికి వచ్చేస్తాం. పాప, వాళ్ల నాన్న, నానమ్మ ఉండి బాణసంచా చూసి వస్తారు, ఆ పూటకు సెన్సార్, జ్యూస్ డబ్బాలు, గ్లూకోజ్ బిళ్లలు మా ఆయన బాధ్యత. పాప ఫోను రీడింగులు నా ఫోనులో కూడా కనిపిస్తాయి. మర్నాడు ఏ పార్కూ లేదు, ఇంట్లోనే ఈత. మూడో రోజు ఎప్‌కాట్, మళ్లీ మధ్యాహ్నం వరకే.

అత్తగారి సంగతి: నిన్న రాత్రి మంచం కింద నుంచి తోక మాత్రం కనిపిస్తుంటే గుమ్మంలో నిలబడి "దీనికి కూడా భయాలున్నాయన్నమాట" అన్నారు. దగ్గరికి అయితే రాలేదు. కారులో ముందు సీటు ఖాయం.

పశువుల డాక్టరు, ఆస్టిన్

మంచి ప్రణాళిక. పార్కులో తిరిగిన రాత్రుల్లో లడ్డూ ఉన్నా సరే, రెండింటికి మీరు కూడా ఒకసారి లేచి చూడండి. దానికి రాత్రి భోజనం మామూలు వేళకు, మామూలు తిండే పెట్టండి. ప్రయాణంలో తిండి మార్చితే ముందు చెడేది కడుపు.

ట్యాంపా నాన్న, ఫ్లోరిడా

మీ ఆయనకు చెప్పండి, బాణసంచా అయిన మరుక్షణం జనమంతా ఒక్కసారిగా మోనోరైలు వైపు కదులుతారు. పెద్దావిడ, నిద్రకళ్లతో పాప ఉంటారు కాబట్టి తొందరపడకుండా ఏదో ఒక బెంచీ చూసుకుని రద్దీ తగ్గేదాకా కూర్చోవడం మేలు. ఆ వేళకు పాప రాత్రి ఇన్సులిన్ సమయం అవుతుందేమో, పెన్ను ఫస్ట్ ఎయిడ్ ఫ్రిజ్‌లోనే మర్చిపోకుండా ముందే తీసుకుని దగ్గర పెట్టుకోమనండి.